మళ్లీ అడిగే హక్కు

వర్తకంలో మాట దూరప్రయాణం చేయక తప్పదు. సరకు ఒక ఊళ్లో ఉంటుంది, కొనేవాడు మరొక ఊళ్లో ఉంటాడు, డబ్బు మూడో ఊళ్లో చేతులు మారుతుంది. ఈ మూడింటినీ కలిపేది ముందుగా నడిచిపోయే కబురు. ఆ కబురు ఎంత నమ్మదగినదైతే వ్యాపారం అంత నిలకడగా సాగుతుంది. ఉత్తరం, హుండీ, టెలిగ్రాం, టెలెక్సు, ఈ-మెయిలు అంటూ కాలానికొక వాహనం మారింది గాని, కబురును పట్టుకొని వచ్చే భయాలు మాత్రం మారలేదు. అవతలివాడు అందుకున్నాడా? అందుకున్నది సరిగా అర్థం చేసుకున్నాడా? అసలు పంపినవాడు అతడేనా?

ఈ వరుసలో తాజాగా చేరినది ఉమ్మడి ఛానెల్. ఒక సంస్థ ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకోవడానికి కంప్యూటరులో ఏర్పరచుకున్న సంభాషణ గదిలోకి వేరొక సంస్థ ఉద్యోగులను కూడా ఆహ్వానించి, ఉభయులూ ఒకే చోట వ్రాసుకొనేటట్లు చేయడం దీని సారాంశం. స్లాక్ అనే సందేశ వ్యవస్థ 2017లో దీనిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, 2020 జూన్‌లో స్లాక్ కనెక్ట్ అనే పేరుతో విస్తరించింది. అప్పట్లో ఒకే గదిలో 20 సంస్థల దాకా కూర్చోవడానికి వీలు కల్పించారు. మైక్రోసాఫ్ట్ టీమ్స్ 2022లో ఇటువంటి సౌకర్యాన్నే అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మన చిన్న వర్తకులు ఈ పేర్ల కోసం ఆగలేదు. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, అందులో కొనేవాణ్ణి, లారీ ఆఫీసువాణ్ణి, క్లియరింగ్ ఏజెంటును చేర్చుకొని ఏనాడో పని మొదలుపెట్టారు.

ఈ-మెయిలు అవతలివారి గడపదాకా వెళ్లి ఆగే ఉత్తరం వంటిది. ఉమ్మడి ఛానెల్‌లో ఆ గడప లేదు. సరకు ఎక్కడిదాకా వచ్చిందో, పత్రాలలో ఏ తప్పు దొర్లిందో, ధర విషయం ఎక్కడ ఆగిందో ఇరువైపులవారూ ఒకేసారి చూస్తారు. నాలుగు రోజుల ఉత్తర ప్రత్యుత్తరాలు అరగంటలో ముగుస్తాయి. గది తెరవడానికి పట్టేదీ కొద్ది నిమిషాలే. ఒకరు ఆహ్వానం పంపుతారు, మరొకరు స్వీకరిస్తారు. టీమ్స్‌లోనైతే ఉభయ సంస్థల నిర్వాహకులూ ఒకరినొకరు గుర్తించినట్లు తమ తమ వైపున నమోదు చేస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

యంత్రం అడిగే అంగీకారం ఇంతటితో సరి. మనుషుల మధ్య కుదరవలసిన అంగీకారం మరొకటి ఉన్నది, దానిని ఏ యంత్రమూ అడగదు. ఎదుటివారి మాటలో సందేహం కలిగినప్పుడు, వారు నొచ్చుకోకుండా, తాను జంకకుండా మళ్లీ అడిగే హక్కు అది. దూరాన ఉన్నవారితో వ్యవహారం నడిపిన ప్రతి తరం ఈ హక్కును ఏదో ఒక రూపంలో ఏర్పరచుకొన్నది. ఏర్పరచుకోనివారు దాని విలువను నష్టపోయిన తరువాత తెలుసుకొన్నారు.

సగానికి రెట్టింపు

మన దేశపు వర్తకులు శతాబ్దాల పాటు హుండీలతో వ్యవహరించారు. ఒక ఊరి షావుకారు మరొక ఊళ్లోని తన ప్రతినిధికి, ఫలానావారికి ఇంత పైకం చెల్లించవలసిందని వ్రాసే ఉత్తరమే హుండీ. చూడగానే చెల్లించవలసినది దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించవలసినది ముద్దతీ హుండీ. ఆ ఉత్తరంలో మొత్తాన్ని వ్రాసే తీరు గమనించదగినది. వంద రూపాయలైతే వంద అని ఒక్కసారి వ్రాసి ఊరుకోరు. అంకెల్లో వ్రాసి, అక్షరాల్లో వ్రాసి, దానిలో సగం యాభై అని చెప్పి, ఆ యాభైకి రెట్టింపు చెల్లించవలసిందని మళ్లీ వ్రాస్తారు. దారిలో ఎవరైనా ఒక సున్న చేర్చితే సగం లెక్క కుదరదు. సగాన్ని మార్చితే మొత్తం కుదరదు.

హుండీ పోయినట్లయితే దాని స్థానంలో చెల్లుబాటయ్యే రెండో ప్రతిని పేఠ్ అని, అది కూడా పోతే వ్రాసే మూడో ప్రతిని పర్‌పేఠ్ అని పిలిచేవారు. అంటే పోయే అవకాశం ఉన్నదని మొదటి రోజునే ఒప్పుకొని, పోయినప్పుడు ఏం చేయాలో అప్పుడే పేరు పెట్టి మరీ నిర్ణయించుకొన్నారు. ఆ షావుకార్లు ఒకరినొకరు నమ్మనివారు కారు. తరాల తరబడి నమ్మి వ్యాపారం చేసినవారే. అయినా నమ్మకాన్ని పరీక్షించే పద్ధతిని ఉత్తరంలోనే ఇమిడ్చారు. సగం లెక్క వేసి చూసిన గుమాస్తాను ఎవరూ అవమానించాడని అనుకోలేదు, ఎందుకంటే అలా చూడటం అతని పని అని అందరూ ముందే ఒప్పుకొన్నారు.

ఒక్క చుక్క తేడా

టెలిగ్రాం వచ్చాక వేగం పెరిగింది. మన దేశంలో 1855లో ప్రజలకు అందుబాటులోకి వచ్చి 2013 జూలైలో ముగిసిన ఈ సౌకర్యంలో మాటకింత అని రుసుము. కనుక వర్తకులు పొడుగాటి వాక్యాలకు బదులుగా ఒక్కొక్క సంకేత పదాన్ని వాడుకొనేవారు. ఆ పదాలకు అర్థాలు వారి వారి సంకేత పుస్తకాలలో ఉండేవి.

1887లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి ప్రింరోజ్ అనే ఉన్ని వర్తకుడు కాన్సాస్‌లో ఉన్న తన ఏజెంటుకు ఒక తంతివార్త పంపాడు. అందులో ‘బే’ అనే మాట ఉన్నది. వారి సంకేతంలో దాని అర్థం ‘నేను కొన్నాను’ అని. తీగ మీద ప్రయాణించి అది ఏజెంటు చేతికి అందేసరికి ‘బై’ అయింది, అనగా ‘కొను’. మోర్స్ లిపిలో ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలకూ తేడా ఒక్క చుక్క. ఏజెంటు విధేయుడు, చెప్పినట్లే ఉన్ని కొన్నాడు. వర్తకుడికి 20,000 డాలర్లకు పైగా నష్టం వచ్చింది. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1894లో వచ్చిన తీర్పు ప్రకారం టెలిగ్రాఫ్ కంపెనీ బాధ్యత, వార్త పంపినందుకు పుచ్చుకొన్న 1.15 డాలర్లకు మించలేదు. ఎందుకంటే వార్తాపత్రం వెనుక ఒక షరతు అచ్చువేసి ఉన్నది: సగం రుసుము అదనంగా చెల్లిస్తే వార్తను అవతలి కార్యాలయం నుంచి తిరిగి రప్పించి సరిచూస్తామని. ప్రింరోజ్ ఆ సగం చెల్లించలేదు.

ఈ కథలో న్యాయం ఎవరి పక్షాన ఉన్నదన్నది వేరే సంగతి. ఏజెంటు స్థానంలో ఉండి చూస్తే కనిపించేది మరొకటి. ‘ఇంత ఉన్ని నిజంగా కొనమంటారా?’ అని ఒక ప్రశ్న తిరుగు టపాలోనో తిరుగు తంతిలోనో వెళ్లి ఉంటే సరిపోయేది. ఏజెంటు అడగలేదు. యజమాని ఆజ్ఞను ప్రశ్నించడం విధేయతకు లోపమన్న భావన ఫిలడెల్ఫియాలోనైనా బెజవాడలోనైనా ఒక్కటే.

టెలెక్సు యంత్రాలు ఈ ప్రశ్నలలో ఒకదానిని తామే అడగడం నేర్చుకొన్నాయి. ‘నీవెవరు?’ అనే సంకేతం పంపగానే అవతలి యంత్రం తన గుర్తింపు అక్షరాలను తానే అచ్చువేసి పంపేది. సందేశానికి ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి ఆ గుర్తింపు తెప్పించుకోవడం ఆపరేటర్లకు అలవాటు. మధ్యలో లైను తెగలేదనడానికి అదే సాక్ష్యం.

సెలవు రోజు తలుపు తట్టినవారు

బ్యాంకుల మధ్య సందేశాల కోసం 1973లో బ్రస్సెల్స్ కేంద్రంగా 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి స్విఫ్ట్ అనే సంస్థను నెలకొల్పాయి. 1977లో సందేశాలు మొదలయ్యాయి. భాగస్వాముల మధ్య ఉమ్మడి సందేశ మార్గానికి ఇంతకంటె గట్టి ఉదాహరణ లేదనవచ్చు. సందేశాల రూపం ఒకటే, నియమాలు ఒకటే, పంపినవారి గుర్తింపు ఖాయం. అటువంటి మార్గం మీదనే 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకు, అనగా ఆ దేశపు కేంద్ర బ్యాంకు, దోపిడీకి గురయింది.

ఫిబ్రవరి 4, గురువారం రాత్రి. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు వారాంతపు సెలవులు. బ్యాంకు కంప్యూటర్లలోకి ముందే చొరబడిన దొంగలు, బ్యాంకు పేరుతో, బ్యాంకు అధికారంతో, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు 35 చెల్లింపు ఆజ్ఞలు పంపారు. మొత్తం 951 మిలియన్ల డాలర్లు. సందేశాలను కాగితం మీద అచ్చువేయవలసిన ప్రింటరు పనిచేయలేదు. ప్రింటర్లు చెడిపోవడం ఏ ఆఫీసులోనైనా ఉండేదే అనుకొన్నారు సిబ్బంది. వారు దానిని బాగుచేసి ఉపద్రవం గ్రహించేసరికి శనివారం వచ్చింది. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు సెలవు. ఢాకా నుంచి పంపిన విన్నపాలకు అక్కడ పలికేవారు లేరు. డబ్బు చేరిన మనీలాలో సోమవారం చైనా కొత్త సంవత్సరపు సెలవు. ఈ సెలవుల సందులలోంచి 81 మిలియన్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు జారిపోయాయి.

ఇంకొక 20 మిలియన్ల డాలర్లు శ్రీలంకకు బయలుదేరాయి. అవి మాత్రం చేతికి చిక్కాయి. ఆ ఆజ్ఞలో ఫౌండేషన్ అనే ఇంగ్లీషు మాటను దొంగలు ఫాండేషన్ అని తప్పుగా వ్రాశారు. మధ్యవర్తిగా ఉన్న ఒక బ్యాంకులో ఆ తప్పును చూసినవారికి సందేహం కలిగింది. ఇది నిజమేనా అని వెనక్కు తిరిగి అడిగారు. అంతే, ఆ చెల్లింపు ఆగిపోయింది.

ఈ ఉదంతంలో సందేశ మార్గం తెగలేదు, సంకేతాలు చెడలేదు. వచ్చిన ఆజ్ఞలకు గుర్తింపు సరిగానే ఉన్నది. లేనిదల్లా, ‘ఆగండి, అది మేము కాదు’ అని సెలవు రోజున కూడా వినిపించే దారి. ఒక స్నేహితుడి ఇంటికి రాజమార్గం వేసి, ఆపదలో పిలవడానికి కిటికీ పెట్టుకోనట్లయింది. ఎంత ఆలస్యమైనా, ఎంత చిన్నదైనా, ఒక అక్షరాన్ని పట్టుకొని మళ్లీ అడిగినవారి వల్లనే 20 మిలియన్లు మిగిలాయి.

‘అలాగే’ అంటే ఏమిటి?

మార్గం భద్రంగా ఉండి, మనిషి అసలైనవాడే అయినా చిక్కులు తీరవు. మాటకు అర్థం ఏమిటన్నది మిగిలే ఉంటుంది. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో 2021లో ఒక ధాన్యం సంస్థ ప్రతినిధి, అవిసెగింజల కొనుగోలు ఒప్పందం ఫొటో తీసి ఒక రైతుకు ఫోనులో పంపి, దయచేసి ఖాయపరచండి అని వ్రాశాడు. రైతు జవాబుగా పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి పంపాడు. తరువాత ధర బాగా పెరిగింది, గింజలు రాలేదు. కాగితం అందిందని మాత్రమే ఆ బొమ్మతో చెప్పానని రైతు వాదన. ఒప్పుకొన్నాడనే సంస్థ వాదన. ఆ ఇద్దరి మధ్య అంతకుముందు ‘ఓకే’ వంటి పొట్టి జవాబులతోనే ఒప్పందాలు జరిగి సరకు అందిన సంగతిని న్యాయస్థానం పరిగణించి, 2023లో ఆ బొటనవేలిని సంతకంతో సమానంగా లెక్కకట్టింది. రైతు చెల్లించవలసింది 82,000 కెనడా డాలర్లకు పైమాట. 2024లో అప్పీలు కూడా కొట్టివేశారు.

మన దేశంలోనూ సుప్రీంకోర్టు 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య బాక్సైట్ సరఫరా వివాదంలో, లాంఛనంగా ఒప్పందపత్రం మీద సంతకాలు కాకపోయినా ఈ-మెయిళ్లలో కుదిరిన మాట ఒప్పందమేనని నిర్ణయించింది. కనుక ఉమ్మడి గదిలో వ్రాసే ప్రతి మాటా పిచ్చాపాటి అనుకోవడానికి వీలులేదు.

తెలుగువారికి ఈ ప్రమాదం మరింత దగ్గరిది. మన ‘అలాగే’ అనే మాటను తర్జుమా చేయబోయిన వారెవరికైనా దాని లోతు తెలుస్తుంది. ‘తప్పకుండా చేస్తాను’ అన్నా అలాగే. ‘మీరు చెప్పింది విన్నాను’ అన్నా అలాగే. ‘మీ ముఖం మీద కాదనలేను’ అన్నా అలాగే. ‘చూద్దాం’ అన్నది సగం సందర్భాలలో మర్యాదగా చెప్పిన నిరాకరణ. ఇంట్లోవారికి కంఠస్వరాన్ని బట్టి, కనుబొమలను బట్టి తేడా తెలుస్తుంది. గుంటూరులోని మిరపకాయల ఎగుమతిదారు ‘అలాగే’ అన్న భావంతో ‘ఓకే’ అని వ్రాస్తే, కొలంబోలోనో ఢాకాలోనో ఉన్న కొనుగోలుదారుకు కంఠమూ వినబడదు, కనుబొమలూ కనబడవు. అతడికి కనిపించేది ఒప్పుకోలు మాత్రమే.

దీనికి తోడు మన మొగమాటం ఒకటి. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకొనే మనమే, పెద్ద కొనుగోలుదారును రెండోసారి అడగవలసి వస్తే వెనకాడతాం. నమ్మకం లేదా అంటారేమోనని బెదురు. ఇరవై మంది చూస్తుండగా అడగాలంటే ఆ బెదురు రెట్టింపు. ఉమ్మడి గదిలో మాట వేగం పెరిగినకొద్దీ అడగకుండా తల ఊపే అలవాటు కూడా పెరుగుతుంది. యంత్రం తీసివేసిన గడపను మొగమాటం మళ్లీ కట్టేది ఇక్కడనే.

గది తెరవడానికి ముందు

కనుక ఉమ్మడి ఛానెల్ ఏర్పరచబోయే రెండు సంస్థలు, మొదటి ఆహ్వానం పంపకముందే ఒక కాగితం వ్రాసుకోవడం మేలు. అది ఒక పుటకు మించనక్కరలేదు.

అందులో మొదటి సంగతి, గదిలో ఎవరు ఉంటారన్నది. ప్రతివారి పేరు, సంస్థ, వారు ఏ విషయంలో మాట ఇవ్వగలరు, ఏ విషయంలో ఇవ్వలేరు అన్నది తెలియాలి. సరకు బయలుదేరిందని చెప్పగల గుమాస్తా ధర తగ్గిస్తానని చెప్పలేకపోవచ్చు. ఈ హద్దు అవతలివారికి తెలియకపోతే తప్పు గుమాస్తా నెత్తిన పడుతుంది. ఉద్యోగం మానినవారి పేరు ఆనాడే తొలగించే బాధ్యత ఎవరిదో కూడా వ్రాయాలి. సంస్థలు నడిపే ఛానెళ్లలో ఉద్యోగి ఖాతా మూసివేస్తే తలుపు దానంతట అదే మూసుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో ఉన్నది మనిషి సొంత నంబరు. అతడు ఉద్యోగం మాని పోటీ సంస్థలో చేరినా, ఎవరైనా గుర్తు పెట్టుకొని తీసివేసేదాకా ధరలన్నీ చదువుతూనే ఉంటాడు.

రెండోది మాటల అర్థం. ఈ గదిలో ‘అందింది’ అంటే అందిందని మాత్రమే, ‘ఖాయం’ అంటే ఒప్పుకొన్నామని. బొమ్మలతో ఏ ఒప్పందమూ కుదరదు. అంకె ఎప్పుడు వ్రాసినా కొలమానంతో వ్రాయాలి, తేదీ వ్రాసినప్పుడు నెల పేరు అక్షరాలలో వ్రాయాలి. హుండీ వ్రాసినవారు ఈ సలహా విని తమకు తెలిసినదే కదా అనుకొనేవారు.

మూడోది కాలం. ఢాకాకు శుక్రవారం సెలవు, మనకు ఆదివారం సెలవు, న్యూయార్క్‌కు శని, ఆదివారాలు రెండూ సెలవు. ఎవరి పండుగలు ఎప్పుడో ఒక చోట వ్రాసి ఉంచి, ఆ రోజుల్లో ఆపద వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలో చెప్పాలి. ఆ నంబరు ఛానెల్‌కు బయట, ముందే చేతులు మారి ఉండాలి. చెల్లింపు వేయవలసిన బ్యాంకు ఖాతా మారిందన్న కబురు ఛానెల్‌లో ఎవరి పేరుతో వచ్చినా, పాత నంబరుకు ఫోను చేసి గొంతు విని నిర్ధారించుకొనేదాకా అమలు చేయరాదు. వర్తకులను ముంచే మోసాలు ఈ ఖాతా మార్పు రూపంలో కూడా వస్తున్నాయి.

నాలుగోది జ్ఞాపకం. ఒక సంస్థ తన సందేశాలను మూడు నెలలకు చెరిపివేయాలని, మరొకటి ఏడేళ్లు దాచాలని నియమం పెట్టుకోవచ్చు. ఇరువైపుల నియమాలూ ఎవరి మాటలకు వారివే వర్తించే చోట, ప్రశ్న మిగిలి జవాబు చెరిగిపోయే విచిత్రం జరుగుతుంది. ముఖ్యమైన నిర్ణయాన్ని అదే రోజున ఈ-మెయిలులో ఇరుపక్షాలకూ పంపి దాచుకోవడం దీనికి సులువైన విరుగుడు. వ్యవహారం ముగిసినప్పుడు గదిని ఎవరు మూస్తారు, అందులోని కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నది కూడా స్నేహం బాగున్న రోజుల్లోనే తేల్చుకోవాలి.

ఈ నాలుగింటినీ నిలబెట్టేది ఐదోది. దానిని ఇరువైపుల పెద్దలు స్వయంగా, తమ తమ చిన్న ఉద్యోగులందరూ చూసేటట్లు, గదిలో మొదటి సందేశంగా వ్రాయాలి: సందేహం వస్తే ఎవరు ఎవరినైనా అడగవచ్చు, ఎన్నిసార్లయినా అడగవచ్చు, అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చరు. పెద్దలు వ్రాయనిదే చిన్నవారికి ధైర్యం రాదు. తప్పు అక్షరం మొదట కంటబడేది చాలాసార్లు చిన్న ఉద్యోగికే.

ఆ ఒక్క వాక్యం వ్రాయడానికి నేడు ఖర్చేమీ లేదు. ప్రింరోజ్ నాటికి దానికి సగం రుసుము అదనంగా పడేది.